తువ్వాలు కింద ఇచ్చిన మాట

అక్కా,

ఆదివారం. మాఘమాసం సగం దాటింది. పొద్దున మంచు బాగా కురిసింది, ఎనిమిదింటికి గానీ ఎండ రాలేదు. మేడ మీద పట్టా పరిచి, ఏడాది కారానికి తెచ్చిన మిరపకాయలు ఎండబోశాను.

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. మన ఇళ్ళ మధ్య రెండు వీధులే కదా, రాయాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది... నువ్వు పోయి మూడు నెలలు దాటింది. మిల్లులో రోజువారీ పద్దులు రాసుకునే మనిషిని. వారం, వాతావరణం, చేసిన పని... ఇంకోలా మొదలుపెట్టడం చేతకాలేదు. ఏమనుకోకు.

ఇది నీ ఇంట్లో, నీ బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడు రెండున్నర. నాలుగింటికి నీ ఆదివారం క్లాసు వాళ్ళు వస్తారు. నేను లోపల ఉన్నానని వాళ్ళకు తెలియదు. ఈ లోపల తాళం వేసి వెళ్ళిపోవడానికి కావలసినంత వ్యవధి ఉంది.

ఆ మాట రాయడానికే సిగ్గుగా ఉంది. అయినా వెళ్ళిపోవాలనే ఉంది... ఏం మనిషినక్కా నేను?

నీకు కబుర్లు ముందు చెప్పాలి. లేకపోతే ఊరుకోవు. నీ సన్నజాజి పాదు బతికింది. ఈ ఏడు పత్తి ఏరే రోజుల్లోనే వానలు పడ్డాయి, పేటలో మా మిల్లుకు వచ్చిన సరుకులో సగం తడి సరుకే. మన ప్రత్తిపాడు అంతా మిరప కోతల్లో ఉంది, మధ్యాహ్నం వీధిలో మనిషి కనపడడం లేదు. పక్కింటి రమణమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయి, గొంతు మాత్రం అలాగే ఉంది. ఆ గొంతు సంగతి కింద రాస్తాను. నాకు తలవంపులు తెచ్చింది ఆ గొంతే.

నాకు ఇంగ్లీషు నేర్పింది నువ్వు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, బిల్లుల మీదున్న ముక్కలు చూసి అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి. నువ్వు అప్పటికే టీచరువి. ఆదివారం భోజనాలయ్యాక వరండాలో కూర్చోబెట్టి వారానికొకటి చెప్పేదానివి. గివప్, లుక్ ఆఫ్టర్, పుటాఫ్... పుస్తకంలో వాటిని ఫ్రేజల్ వెర్బులు అన్నారు. రెండేసి మాటలు కలిసి నడుస్తాయని నువ్వు జోడెడ్లు అనేదానివి.

"ఒక్కో ఎద్దు ఎటు చూస్తుందో చూసి, బండి ఎటు పోతుందో చెప్పలేవురా కోటీ. కాడి కట్టాక చూడాలి."

నువ్వు అడిగితే నేను కాగితం మీద రాసి చూపించేవాణ్ణి. నోటితో చెప్పేవాణ్ణి కాదు. నీకు ఒళ్ళు మండిపోయేది.

"ఒరేయ్, దేవుడు నీకు నాలుక ఇచ్చాడా, ఇచ్చినట్టు పద్దు రాసుకుని ఊరుకున్నాడా?"

బ్యాక్ ఔట్ చెప్పిన రోజు గుర్తుందా? అప్పుడూ కోతల రోజులే. వెంకయ్య బాబాయి కళ్ళంలో కాయ చూసి, ధర మాట్లాడుకుని, బస్తాలు కుట్టించమన్న వ్యాపారి మర్నాడు రేటు పడేసరికి రానన్నాడు. బాబాయి వీధిలో నిలబడి వాణ్ణి తిడుతున్నాడు. నువ్వు లోపలినుంచి విని, "ఇదుగో, ఇవాళ్టి పాఠం మన గుమ్మం ముందుకే వచ్చింది" అన్నావు.

"బ్యాక్ అంటే వెనక, ఔట్ అంటే బయట. వెనకబయట అని రాశావంటే మొట్టికాయ వేస్తా. ఒప్పుకున్న దాన్నుంచి తప్పుకోవడం, అదీ అర్థం. ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోకముందే వద్దంటే అది కాదనడం. అందులో తప్పేముంది? పెళ్ళిచూపుల్లో నచ్చలేదంటే ఎవరేమంటారు? తాంబూలాలు పుచ్చుకున్నాక పారిపోతేనే బ్యాక్ ఔట్."

ఒప్పుకున్నట్టు ఎలా తెలుస్తుంది అని రాసి చూపించాను.

"నోటితో అనొచ్చు. తలూపొచ్చు. మన నాన్న యార్డులో ఏం చేసేవాడు? ఒక్క మాటన్నా మాట్లాడేవాడా?"

మాట్లాడేవాడు కాదు. గుంటూరు మిరప యార్డులో కొనేవాడు, అమ్మేవాడు చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టి ధర చెప్పుకునేవాళ్ళు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా. ధర నచ్చితే అవతలివాడి చేయి మొత్తం పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కాలి. నొక్కితే అయిపోయినట్టే. తర్వాత కాదంటే ఆ మనిషి చేతిమీద ఇంకెవరూ తువ్వాలు కప్పరు. చిన్నప్పుడు మనిద్దరం నాన్న తువ్వాలు కిందే బెల్లం ముక్కల బేరాలు ఆడేవాళ్ళం. నువ్వు ఎప్పుడూ ఎక్కువ ధరకే నొక్కించుకునేదానివి.

ఆసుపత్రి సంగతి ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పక్కర్లేదు, నీకు తెలుసు. అయినా రాస్తాను...

ముందురోజు నీకు మాట వస్తూనే ఉంది. "నా ఆదివారాలు నువ్వు తీసుకోరా. ఎల్లకాలం వద్దు. క్లాసులో ఆ నాగమణి ఇంటర్వ్యూ అయ్యేదాకా అయినా" అన్నావు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఔననలేదు, కాదనలేదు. నువ్వు నవ్వి, "రాసి ఇస్తావా పోనీ?" అన్నావు.

మర్నాటికి నీ ముఖం మీద ఆక్సిజన్ గొట్టం. మాట లేదు. మన పెదనాన్న కొడుకులు ఇద్దరూ మంచం పక్కనే ఉన్నారు. నువ్వు నా భుజం మీద తువ్వాలు లాగావు. చలేస్తుందేమో అనుకుని నర్సు దుప్పటి సర్దింది. నీకు చలి కాదు. తువ్వాలు నీ చేతిమీద కప్పుకుని, దాని కిందకు నా చేయి లాక్కున్నావు.

వేళ్ళు అన్నీ పట్టుకున్నావు. ఆదివారాలు మొత్తం అని.

నేను నొక్కాను. ఒకసారి, గట్టిగా.

మనవాళ్ళు పక్కనే ఉండీ ఏమీ తెలుసుకోలేదు. తువ్వాలు ఉన్నదే అందుకు కదా. ఆ రాత్రికి నువ్వు వెళ్ళిపోయావు.

ఇక నేను చేసిన నిర్వాకం చెబుతాను.

నీ కార్యక్రమాలన్నీ అయ్యాక వచ్చిన మొదటి ఆదివారం తలుపు తీశాను. ముగ్గురూ వచ్చారు. నాగమణి, గుడి పూజారి శర్మ గారు, కుట్టుమిషను మస్తాను. శర్మ గారు కలం మూత తీసి పట్టుకుని కూర్చున్నారు. నేను నీ కుర్చీ పక్కన నిలబడ్డాను. వారమంతా మిల్లులో బిల్లుల వెనక రాసుకుని తయారైన పాఠం నా చొక్కా జేబులో ఉంది. నోరు తెరిచాను...

గాలి వచ్చింది. మాట రాలేదు.

ఇంగ్లీషు అక్షరం నీ ముందు తప్ప ఇంకొకరి ముందు ఎప్పుడన్నా పలికానా? నీ ముందైనా ఎన్నిసార్లు? వాళ్ళు ముఖాలు పైకెత్తి చూస్తున్నారు. ఆ చూపు నా మీద కాదు, నీకోసం అలవాటైన చూపు. అది నామీద పడితే తట్టుకోలేకపోయాను. తలనొప్పిగా ఉందని తెలుగులోనే చెప్పి పంపించేశాను. నాగమణి వెళ్తూ వెళ్తూ, "మాత్ర తెచ్చిమ్మంటారా బాబాయి గారూ?" అంది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే పేటకు బస్సెక్కాను. మిల్లుకు సెలవు. కండక్టరుకు నేను తెలుసు.

"ఏంటి కోటేశ్వరరావు గారూ, ఆదివారం కూడా మిమ్మల్ని వదలట్లేదా షావుకారు?" అన్నాడు.

తలూపాను. సాయంత్రం దాకా బస్టాండులో కూర్చుని, హైవే మీద పత్తి లారీలు పోతుంటే చూస్తూ ఉన్నాను. తిరుగు బస్సులో అదే కండక్టరు. "పాపం, ఎంత కష్టపడతారండీ మీరు" అన్నాడు. నా సీటు పక్కన ఎవరూ లేరు కాబట్టి నా ముఖం ఎవరి కంటా పడలేదు.

అలా ఎన్ని ఆదివారాలు పోయాయో రాయను.

నాగమణి సంగతి నీకు తెలిసినదే, అయినా ఎంత అవసరంలో ఉందో చెప్పాలి. నర్సింగ్ హోములో ఆయాగా చేస్తూ డిగ్రీ పూర్తి చేసింది కదా. నువ్వుండగా దరఖాస్తు పెట్టిన ఉద్యోగానికే, గుంటూరులో పెద్ద ఆసుపత్రి రిసెప్షన్ బల్ల దగ్గరికి, పిలుపు వచ్చింది. వచ్చే బుధవారమే ఇంటర్వ్యూ. రాయడం బాగానే వచ్చు. ఎదురుగా కూర్చుని ఎవరైనా ప్రశ్నలడిగితే జవాబు చెప్పడం అలవాటు కావాలి. అంతే కావాలి. అడిగే మనిషి కావాలి.

ఆ పిలుపు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను పెరట్లో ఉన్నాను. "బాబాయి గారూ" అని గుమ్మంలోంచి పిలిచింది. నేను పలకలేదు. అక్కా, ఎలా రాయను... పొయ్యిలోకి పేర్చుకున్న పత్తికంప మోపు వెనక గొంతుక్కూర్చున్నాను. ఈ వయసులో.

రమణమ్మ గోడ మీదుగా చూసింది. "ఉన్నాడమ్మా ఉన్నాడు, ఇప్పుడే చూశా. ఇదుగో ఇక్కడే ఎక్కడో... కోటేశ్వరరావూ, ఆ కంప వెనక ఏం వెతుకుతున్నావయ్యా?" అని వీధి వీధంతా వినపడేట్టు అరిచింది.

నాగమణి గుమ్మంలోంచి వెనక్కి జరిగింది. తర్వాత, "పనిలో ఉన్నారేమోలే పిన్నీ. మళ్ళీ వస్తాలే" అని వెళ్ళిపోయింది. మెల్లగా, నాకు వినపడేలాగే అంది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

నేను లేచి నిలబడేసరికి రమణమ్మ ఇంకా గోడ దగ్గరే ఉంది. "ఆ పిల్లకు నువ్వేమైనా బాకీ ఉన్నావా ఏంటి?" అంది. లేదన్నాను. ఆ ఒక్క మాటా నోట్లోంచి చక్కగా వచ్చింది చూడు.

ఇంకొకటుంది. నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది అదే.

పోయిన ఆదివారం సాయంత్రం, క్లాసు వేళ దాటిపోయి ఉంటుందని, నీ సన్నజాజికి నీళ్ళు పోద్దామని ఇటు వచ్చాను. ప్రహరీ పక్కకు రాగానే మాటలు వినపడ్డాయి. ఇంటికి తాళం ఉన్నా గేటుకు లేదు కదా. ముగ్గురూ నీ వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నేను రాకపోయినా వాళ్ళు ప్రతివారం వస్తూనే ఉన్నారని వాళ్ళ మాటల్లోనే తెలిసింది. వచ్చింది ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. నాకు ఎవరూ చెప్పలేదు. నేనెవరి కంటైనా పడితే కదా.

గోడ ఇవతల నిలబడిపోయాను.

"ఇవాళ బ్యాక్ ఔట్ అండీ. వాక్యం నేను చెబుతా" అంటున్నారు శర్మ గారు. గొంతు సవరించుకుని మంత్రం చదివినట్టు చదివారు. "కోటేశ్వరరావు గారు బ్యాక్‌డ్ ఔట్."

మస్తాను గట్టిగా నవ్వాడు. "గారు పెట్టి మరీ తిట్టావు గదయ్యా పంతులూ."

"తిట్టడం కాదయ్యా, వాడుక. వాడుక సరిపోయిందా లేదా?"

"సరిపోలా" అంది నాగమణి. "సగం వాక్యమే అది. టీచరమ్మ ఏం చెప్పింది? దేన్నుంచి తప్పుకున్నాడో ఔట్ తర్వాత ఆఫ్ పెట్టి చెప్పమందా లేదా? ఔటాఫ్ ఏంటి?"

"ఔటాఫ్... క్లాస్ అనుకో."

"అసలు అదే తప్పు. ఒప్పుకున్నాకే బ్యాక్ ఔట్. ఆయన మనకెప్పుడు ఒప్పుకున్నారు? ఒకరోజొచ్చి తలుపు తీశారు. తలనొప్పొచ్చి వెళ్ళిపోయారు. చెబుతానని ఎవరికైనా మాటిచ్చారా? మీకిచ్చారా శర్మ గారూ? మస్తానన్నా, నీకిచ్చారా?"

"నాకు చొక్కా కొలతలే ఇవ్వడు" అన్నాడు మస్తాను. "పాత చొక్కా ఇచ్చి ఇట్టాగే కుట్టమంటాడు."

"అదీ. మాటివ్వని మనిషి మీద ఆ మాట వాడకూడదు. కొట్టెయ్యండి."

"మరేమనమంటావు తల్లీ ఆయన్ని?"

"ఏమీ అనొద్దు. ఆయనకు మొహమాటం. ఉంటుంది కొందరికి."

శర్మ గారు కొట్టేసినట్టున్నారు. కలం కాగితం మీద గీసిన చప్పుడు కూడా విన్నాను. అంత దగ్గరగా ఉన్నాను.

అక్కా, ఆ పిల్ల నా తరఫున వాదించింది. నువ్వు చెప్పిన అర్థం పట్టుకుని, నువ్వు చెప్పినట్టే వాదించింది. తనకు తెలిసినంతలో అక్షరం తప్పు లేదు. తువ్వాలు కింద ఏం జరిగిందో తనకెలా తెలుస్తుంది? పక్కన నిలబడ్డ మనవాళ్ళకే తెలియదు. నువ్వు లేవు. ఇక తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను నోరు మూసుకుంటే ఆమె చెప్పిందే నిజమైపోతుంది. ఒప్పుకోనివాడు, మొహమాటస్తుడు, పాపం అనిపించుకుని మిగిలిపోతాను.

కంప వెనక దాక్కున్నప్పుడు పడ్డ సిగ్గు ఒక రకం. గోడ పక్కన నిలబడి, చేయని మంచికి మెచ్చుకోలు విన్న సిగ్గు ఇంకో రకం. రెండోది నిద్ర పట్టనివ్వలేదు.

అప్పుడైనా గేటు తీసి లోపలికి రావచ్చు. రాలేదు. చెట్టుకు నీళ్ళు కూడా పోయకుండా ఇంటికి పోయాను.

ఈ వారం మిల్లులో పద్దులు రాస్తున్నా ఆ వాక్యమే తిరిగింది మనసులో. సగం వాక్యం. నాగమణి చెప్పినట్టు ఔట్ తర్వాత ఏం పెట్టాలి? క్లాస్ అని పెడితే చాలా చిన్నదైపోతోంది. నేను తప్పుకున్నది క్లాసు నుంచేనా? ప్రామిస్ అని పెడదామంటే, నోటితో అనని దాన్ని ప్రామిస్ అనొచ్చా? ఒకరోజు భోజనం డబ్బా మూత మీద వేలితో రాసి చూశాను. ఐ బ్యాక్‌డ్ ఔట్ ఆఫ్ మై సిస్టర్స్ హ్యాండ్... నీ చేతిలోంచి అని. అలా అనరురా, అది వాడుక కాదు అంటావా? నాకు మాత్రం అదొక్కటే నిజంగా కనపడింది. ఇంగ్లీషువాళ్ళకు తువ్వాలు బేరం ఉండి ఉంటే అలాగే అనేవాళ్ళేమో. నీకేమనిపిస్తుంది?

ఇంతకుముందు, ఈ ఉత్తరం మొదలుపెట్టకముందు, తలుపులన్నీ వేసి ఖాళీ ఇంట్లో పైకి చెప్పి చూశాను. మొదటిసారి దగ్గు వచ్చింది. రెండోసారి ఐ దగ్గర ఆగిపోయింది. మూడోసారి ఆఫ్ దాకా వచ్చింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎంత మొరటుగా పలుకుతానో తెలుసా... ఔట్ అంటే ఎవరినో బయటికి గెంటినట్టుంది. మస్తాను నవ్వుతాడు. నవ్వనీ.

చెప్పాల్సింది ఇది. శర్మ గారూ, మీ వాక్యం తప్పు కాదండీ, కొట్టేసింది మళ్ళీ రాసుకోండి. నాగమణీ, ఒప్పుకున్నానమ్మా. టీచరమ్మ చేయి నొక్కి ఒప్పుకుని, మీకు చెప్పకుండా తప్పుకున్నాను. ఇది తెలుగులో చెబితే తేలిక. అందుకే ఇంగ్లీషులో చెప్పాలనుకుంటున్నాను. ఎవరి ముందు పలకలేక పారిపోయానో వాళ్ళ ముందే, ఏది పలకలేక పారిపోయానో ఆ భాషలోనే. ఐ ఎగ్రీడ్. దెన్ ఐ బ్యాక్‌డ్ ఔట్ ఆఫ్ ఇట్. ఇట్ అంటే ఏంటని నాగమణి అడుగుతుంది. అడిగితే తువ్వాలు సంగతి చెబుతాను. అది మాత్రం ఇంగ్లీషులో నావల్ల కాదు.

చెప్పాక ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో... అంతసేపు వాదించింది కదా నాకోసం. మీరు మొహమాటస్తులనుకున్నానండీ అంటుందా? లేచి వెళ్ళిపోతుందా? ఇప్పుడు ఒప్పుకుని ఏం లాభం, బుధవారం మూడు రోజుల్లోనే ఉందిగా అంటే నా దగ్గర ఏం జవాబుంది?

ఇవాళ, రేపు, ఎల్లుండి. మూడు సాయంత్రాలున్నాయి. మిల్లులో సెలవు అడిగాను. ఎదురుగా కూర్చుని అడుగుతాను. నీ పేరేంటి, ఇంతకుముందు ఎక్కడ చేశావు, మా ఆసుపత్రికే ఎందుకు రావాలనుకున్నావు... నేను తప్పుగా అడిగినా తను సరిగ్గా చెబుతుంది. ఆ మాత్రం చేయగలను. చేస్తాననే అంటున్నాను. ఈసారి తువ్వాలు లేకుండా, నలుగురికీ కనపడేట్టు.

మూడున్నర అవుతోంది. తాళం ఇంకా బల్ల మీదే ఉంది. నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. లేచి దాన్ని నీ దేవుడి గూట్లో పెట్టి, వీధి తలుపు తీసి వచ్చాను.

వరండాలో బోర్డు మీద నువ్వు రాసింది అలాగే ఉంది. చివరి ఆదివారం రాసింది, రెండు వరసలు. ఎండకు కొంచెం వెలిసింది కానీ అక్షరాలు తెలుస్తున్నాయి. నీ చేతిరాత ఇంకెక్కడా నా దగ్గర లేదు. నా కాగితాలన్నిట్లో నా రాతే, దిద్దిన గీతలు మాత్రమే నీవి. ఆ మొదటి ఆదివారం దాని పక్కన నిలబడే మాట రాక ఆగిపోయాను. నా వాక్యం రాయాలంటే చోటు లేదు. పక్కన ఇరికించి రాయొచ్చు, వెనకవాళ్ళకు కనపడదు. వెనకవాళ్ళెవరు, ఉన్నదే ముగ్గురు... అయినా ఇరికించి రాయకూడదు కదా అక్కా?

గేటు చప్పుడైంది. ఇంకా నాలుగు కాలేదే. నాగమణి గొంతే. తలుపు తీసి ఉందేంటి అంటోంది శర్మ గారితో.

వస్తున్నానమ్మా అన్నాను. పైకే అన్నాను.

తడిగుడ్డ తీసుకుని ముందు పై వరస తుడిచి, అక్కడ నా వాక్యం రాస్తానక్కా.